బా నేర్పిన అనుమానం

నా చిన్నప్పుడు, ఎవరైనా దగ్గితే గల్లీలో వరసగా తలుపులు మూసుకునే కాలం ఒకటి వచ్చింది. కరోనా రోజులవి. మేము సూరత్‌లో వడోద్ దగ్గర ఒక అద్దె గదిలో ఉండేవాళ్ళం. మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. కార్ఖానా మూతపడి, పగలూ రాత్రీ ఆగని సాంచాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి, గోడ అవతల ఎవరు తుమ్మినా మాకు వినిపించేది. మాలాగే పని కోసం వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. మా తమ్ముడు అప్పటికింకా పాలు తాగే పసివాడు కాబట్టి మేము ఉండిపోయాం.

ఆ రోజుల్లో అందరికీ అందరి మీదా అనుమానమే. కూరగాయల బండి అతను మూతిగుడ్డ కిందికి లాగి మాట్లాడాడని అమ్మ ఆ రోజు కూర కొనలేదు. ఎండలో నడిచి వచ్చిన నాన్న ముఖం ఎర్రబడి ఉంటే, రోజూ పలకరించేవాళ్ళే గోడకు అతుక్కుని దారి ఇచ్చారు. పిల్లలకు ఇవి త్వరగా అంటుకుంటాయి. నేను కూడా మనుషుల ముఖం కన్నా ముందు వాళ్ళ ముక్కు వైపు చూడడం నేర్చుకున్నాను.

మా ఎదురింట్లో ఒక గుజరాతీ ముసలామె ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు బాల్వాడీలో చిన్నపిల్లలకు చదువు చెప్పిందట. కొడుకు కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే పనిలో ఉండి, అక్కడే సంసారం పెట్టుకున్నాడు. అందరూ ఆమెను ‘బా’ అనేవారు. గుజరాతీలో అమ్మ అని. అన్నేళ్ళు ఎదురెదురుగా ఉన్నా, నీళ్ళు వచ్చాయా లేదా అన్న మాట తప్ప ఆమెకూ మాకూ మధ్య మాటల్లేవు.

నేను చదివేది తెలుగు బడి. గుజరాతీ ఒక సబ్జెక్టుగా ఉండేది. బడి మూసేశాక గడప మీద కూర్చుని గుజరాతీ పాఠం గట్టిగా చదువుకుంటుంటే, ఒకరోజు బా తన గ్రిల్ తలుపు వెనక నుంచి పిలిచింది. చదివినదానికి అర్థమేమిటని అడిగింది. నాకు తెలియదు. “నీకు పలకడం వచ్చింది దీకరీ, చదవడం ఇంకా రాలేదు. రోజూ వచ్చి ఇక్కడ కూర్చో” అంది. దీకరీ అంటే కూతురా అని.

అమ్మకు అది నచ్చలేదు.

“ఇన్నేండ్లల్ల గామె మనతోని సక్కగ మాట్లాడిందా? గిప్పుడు మన పిల్లతోని ఏం పని పడ్డది? ఏందో ఉంది” అంది నాన్నతో.

“చదువే గదా, పోనియ్యి. గ్రిల్ ఇవతల కూసుంటది” అన్నాడు నాన్న.

అలా గ్రిల్‌కు ఇవతల నేను, అవతల ఆమె. ఆమె గుజరాతీలో చెప్పేది, నాకు అందకపోతే హిందీలోకి వచ్చేది. మొదటిరోజు వంటగది అరలోని డబ్బా ఒకటి తెచ్చి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసినది చదవమంది. ‘మీఠు’ అని చదివాను. అర్థం అడిగింది. హిందీలో మీఠా అంటే తీపి కదా, చక్కెర అన్నాను. ఆమె ఔనన్నట్టు తల ఊపి, చెంచాడు తీసి నా అరచేతిలో పోసింది. సంతోషంగా నోట్లో వేసుకున్నాను. ఉప్పు! నేను ఉమ్ముకుంటుంటే ఆమె నవ్వి, గుజరాతీలో మీఠు అంటే ఉప్పేనని చెప్పింది. ‘అక్షరాలు నిజమే చెప్పాయి, నువ్వు నీ హిందీని నమ్మావు, తర్వాత నా తల ఊపును నమ్మావు’ అంది.

ఆ రోజు అమ్మ నన్ను సబ్బుతో నోరు కూడా కడుక్కోమన్నంత పనిచేసింది.

బా పద్ధతి ఏమిటో మర్నాటి నుంచి తెలిసింది. గాఠియా కారప్పూస పొట్లమో, నూనె డబ్బానో, పేపరు ముక్కో తెచ్చి, దాని మీద ఉన్నది ఇదీ అని ఏదో చెప్పేది. “సాచు కే ఖోటు?” అని అడిగేది. నిజమా, అబద్ధమా అని. నేను చదివి తేల్చాలి. తెలియని మాట వస్తే ఆగకూడదు. ముందూ వెనకా ఉన్న మాటలు చూసి, అది ఏమై ఉంటుందో ఊహించాలి. ఊహించాక ఆ ఊహనే అనుమానించి, అది అక్కడ సరిగ్గా కుదిరిందా అని మళ్ళీ చూడాలి. వర్షాలు మొదలయ్యేసరికి నేను పేపరులో చిన్న వార్తలు అర్థం చేసుకోగలిగాను. బా అబద్ధాలను పట్టుకోవడం నాకు అన్నం కన్నా ఇష్టమైన పనైంది.

అయితే కొన్నాళ్ళకు ఆమె అబద్ధాల తీరు మారింది. ఆట మొదలుపెట్టకముందే అబద్ధం చెప్పేది. ఒకరోజు పేపరు చూస్తూ, ఈ వారం బడులు తెరుస్తారట అంది మామూలుగా. గ్రిల్ సందులోంచి పేపరు అందుకుని చూస్తే అది చీరల దుకాణం ప్రకటన. ఖోటు అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, అవును ఖోటు అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చి, బా ఆట లేకుండా కూడా అబద్ధాలు చెబుతోందని అమ్మకు చెప్పాను.

“గందుకే చెప్పిన నేను. రేపటి సంది పోకు” అంది అమ్మ. నేనూ వెళ్ళడం మానేశాను.

ఆ తర్వాత ఒకరోజు బా కొడుకు స్కూటరు మీద వచ్చి, మందుల సంచి గ్రిల్‌కు తగిలించి, దూరం నుంచే నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. దారిలో పోలీసుల అడ్డంకులు దాటుకుని వచ్చినవాడు, చీకటి పడకముందే కతర్‌గామ్ చేరాలన్న తొందరలో ఉన్నాడు. అప్పటి నుంచి బా నీరసించింది. నడుస్తూ గోడ పట్టుకునేది. చేతులు వణికేవి. చల్లటి గాలి వీస్తున్నా నుదుటి మీద చెమటలు పట్టేవి. మా గడప దగ్గర నుంచి నాకు అన్నీ కనిపించేవి. గల్లీ మొత్తానికీ కనిపించేవి.

గల్లీ చివర ఉండే మామ ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు నిలబడి, గొంతు తగ్గించకుండానే అన్నాడు: “గామెకు పక్కా వచ్చింది. కొడుకు గూడ దగ్గరికి రాలే, చూసిండ్రు గదా. సాయంత్రం మున్సిపాలిటీ బండికి ఫోన్ చేస్త. లేకుంటే అందరం పోతం.”

ఎవరూ కాదనలేదు. ఆ బండి వచ్చి తీసుకుపోయినవాళ్ళను ఇంటివాళ్ళు కూడా చూడడానికి వీల్లేదని అప్పట్లో చెప్పుకునేవారు. అమ్మ తమ్ముణ్ణి గట్టిగా హత్తుకుని లోపలికి వెళ్ళింది.

నేను గడప మీదే ఉన్నాను. బా గ్రిల్ వెనక కుర్చీలో కూర్చుని ఉంది. మామ మాటల్లో ఆమెకు ఏం అర్థమైందో తెలియదు. చెయ్యి ఎత్తి నన్ను పిలిచింది. అమ్మ మాట గుర్తుంది, అయినా వెళ్ళాను. ఆమె ఒళ్ళో మందుల కాగితపు కవర్లున్నాయి. ఒకటి చూపించి, “షుగర్ గోళీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సాచు కే ఖోటు?” అంది. ఇలాంటప్పుడు కూడా ఆటేమిటని నాకు చిరాకు వేసింది.

కవరు మీద దుకాణం అతను గుజరాతీలో రాసినది చదివాను. ‘మాత్ర సవారే, నాస్తా పఛీ, ఏక్ గోళీ’ అని ఉంది. సవారే అంటే పొద్దున, నాస్తా పఛీ అంటే టిఫిను తర్వాత. మాత్ర అంటే మాత్రే కదా, మందు కవరు మీద అది ఉండాల్సిందే. పొద్దున మాత్ర వేసుకోమన్నాడు, సరిపోయింది అనుకున్నాను. రాత్రి సంగతి ఇంకో వైపు ఉందేమోనని తిప్పి చూశాను. లేదు. అప్పుడు మళ్ళీ మొదటికి వచ్చాను. గోళీ అంటే మాత్ర అని బానే నేర్పింది. ఒకే వరసలో మాత్ర ఒకసారి, గోళీ ఒకసారి ఎందుకు రాస్తాడు? అయినా గుజరాతీ అతను తెలుగులో మాత్ర అని ఎందుకు రాస్తాడు?

“బా, గుజరాతీలో మాత్ర అంటే ఏమిటి?” అని అడిగాను.

“మాత్ర అంటే... అంతే, అదొక్కటే అని” అంది ఆమె.

మాత్రమే. పొద్దున మాత్రమే!

“అయితే నువ్వు చెప్పింది ఖోటు బా. పొద్దున ఒక్కటే అని రాశాడు. రాత్రి లేదు.”

ఆమె నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. కవరు తీసుకుని కళ్ళకు ఆనించుకుంది. దూరంగా పట్టుకుంది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు ఆ అక్షరాలు కనిపించడం లేదని. ఆ రోజు చీరల ప్రకటననూ ఆమె చదవలేదు, ఊహించి చెప్పింది. పాత గోళీ రెండు పూటలా వేసుకునేది. కొడుకు తెచ్చిన ఈ కొత్తది దానికన్నా బలమైనది కావచ్చని ఆమెకు తోచలేదు. వచ్చిన రోజు నుంచీ దీన్నీ రెండు పూటలా మింగుతోంది.

నేను అరుస్తూ మా ఇంట్లోకి పరిగెత్తాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు గానీ అమ్మకు అర్థమైంది. బయటికి వచ్చి గ్రిల్‌లోంచి బా నుదుటి మీది చెమట చూసింది.

“షుగర్ పడిపోయింది గామెకు. మా అవ్వకు గిట్లనే అయితుండె. చెక్కెర డబ్బా తే, జల్ది” అంది.

బా కుర్చీలోంచి లేచి గొళ్ళెం తీసింది. అమ్మ మూతిగుడ్డ లేకుండానే లోపలికి వెళ్ళి, ఆమె తలను తన భుజానికి ఆనించుకుని, చక్కెర నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. గల్లీ చివరి మామ చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాన్న బా కొడుక్కి ఫోన్ చేశాడు. అతను డాక్టరుతో మాట్లాడించాడు. రాత్రి గోళీ వెంటనే మానెయ్యమన్నారు. కొన్నాళ్ళకు బా గోడ పట్టుకోకుండా నడిచింది.

ఆమె కళ్ళలో పొర వచ్చి చాలా కాలమైందట. ఆపరేషన్‌కు రోజు కూడా చెప్పారట గానీ, ఆసుపత్రులన్నీ కరోనా వాళ్ళతో నిండిపోయి అది వాయిదా పడింది. కొడుక్కి తెలిస్తే తనను ఈ ఇంట్లోంచి కతర్‌గామ్ తీసుకుపోతాడని ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా అనలేదన్న కోపం నాకు కొన్నాళ్ళు పోలేదు. చదువు నేర్పడానికి ఆడావా, కళ్ళు కనిపించక నాతో చదివించుకున్నావా అని ఒకరోజు అడిగేశాను. ఆమె కుర్చీ గ్రిల్ దగ్గరికి జరుపుకుంది. “రెండూ. ఇందులో ఖోటు ఉంటే నువ్వే పట్టుకో” అంది. ఎంత వెతికినా నాకు దొరకలేదు.

ఆ తర్వాత ఎన్నో భాషలవాళ్ళ మధ్య బతికాను. నాకు జుట్టు నెరిసింది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చదివి వినిపిస్తే చివరిదాకా వింటాను. విన్నాక, ఇటివ్వండి, నేనూ చూస్తానని చెయ్యి చాస్తాను. తమను నమ్మడం లేదని మా పిల్లలు నొచ్చుకుంటారు. వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియదు. ఆ రోజుల్లో మా గల్లీ అంతా బాను అనుమానించింది, అనుమానించి దూరం జరిగింది. నాకు ఆమె నేర్పిన అనుమానం వేరు. అది ఉన్నప్పుడు, నిజం తేల్చుకోవడానికి మనిషి దగ్గరికి వెళ్ళకుండా ఉండడం కుదరదు.