పోలిక కుదిరిన గీత

ఫిర్దౌస్ టీ వేడిగా తాగిన రోజు లేదు. బెంజ్ సర్కిల్ దగ్గరి భూకంపాల నమోదు ఆఫీసులో కంప్యూటర్ మీదికి వంగి, పాత భూకంపం గీసిన గీతను నమూనాగా పెట్టుకుని, లారీల అదురులో కలిసిపోయిన చిన్న కంపనాల్లో అదే వంపు కోసం వెతుకుతుంది. పోలిక కుదిరితే చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది.

ఒకరోజు కృష్ణ ఒడ్డు పల్లె నుంచి రామతులసమ్మ ఫోన్ చేసింది. "మంగళవారం పొద్దున గిన్నెలు గలగలమన్నాయండీ. ఇంట్లో అందరూ నా భ్రమంటున్నారు."

భూకంపాల జాబితాలో ఆ రోజు ఏమీ లేదు. అయినా ఫిర్దౌస్, నిరుడు ఆ పల్లె కిందే వచ్చిన భూకంపం గీతను మంగళవారం రికార్డు మీద మెల్లగా జరుపుకుంటూ పోయింది. ఎనిమిదింపావు దగ్గర రెండు గీతలూ ఒక్కటయ్యాయి. చున్నీ వేలికి చుట్టుకుంది.

"నిజమేనండీ, చిన్నది వచ్చింది," అని ఫోన్ చేసి చెప్పింది.



"ఉండమ్మా, స్పీకర్లో పెడతా. ఇంకోసారి గట్టిగా చెప్పు."