ముద్ర కింద ఇళ్లు

లింబెర్ట్ కోల్కే మా ఊరి నీళ్ల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పటాలు గీస్తున్నాడు. అందులో పద్దెనిమిదేళ్లు చేత్తోనే గీశాడు. ఇంటికొక నీలం చుక్క. చుక్క పెట్టే ముందు ఆ ఇంటి గడప దాకా వెళ్లి రావాలని అతని పట్టుదల. దక్షిణం కొండ మీది ఆల్తో లిపిచిలో అతను పెట్టిన ఆఖరి చుక్క దొన్యా యూఫ్రోనియా ఇల్లు. ఆ పేటకి పెద్ద ఆవిడే. పొద్దున్నే మా ఆఫీసు గేటు పక్కన ఆపి అనే ఊదా మొక్కజొన్న జావ కాస్తుంది. దానితో పాటు చీజ్ పెట్టి వేయించిన పస్తేల్ అమ్ముతుంది. కలం పట్టిన ప్రతివాణ్ణీ ఇంజనీరూ అనే పిలుస్తుంది.

కొత్త గొట్టాల కోసం మేం పంపిన నివేదిక నూట నలభై పేజీలు. రెండేళ్లు కౌన్సిల్లో పడి ఉంది, ఎవరూ చదవలేదు. తిరిగొచ్చినప్పుడు దాని అట్ట మీద కాఫీ కప్పు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. అప్పుడు మా ఇంజనీరు నార్దీ గారు లింబెర్ట్‌ని పిలిచి, "పది నిమిషాలు, ఎనిమిది స్లైడ్లు. అంతకు మించితే వాళ్ల ధ్యాస భోజనం మీదికి పోతుంది," అన్నారు.

నాది అతని పక్క బల్ల. స్లైడ్లు చెయ్యడం నేనే నేర్పాను. పేటలు ఒక్కొక్కటిగా తెర మీద వెలుగుతుంటే ఆ మనిషి మురిసిపోయాడు. చిక్కంతా పటం దగ్గరే వచ్చింది. మా ఊరు నది నుంచి కొండ దాకా నిలువుగా ఉంటుంది, స్లైడేమో అడ్డంగా ఉంటుంది. ఊరంతా పెడితే మధ్యలో సన్నగా నిలబడి, రెండు పక్కలా తెల్లగా మిగులుతోంది.

"ఏంటన్నా ఇది, మూల నిలబెట్టిన చీపురులా ఉంది," అన్నాను. "కాస్త పెద్దది చెయ్యి. అంత తెలుపు వదిలితే పని సగంలో ఆపేసినట్టుంటుంది."

"పెద్దది చేస్తే కింది కొన పట్టీ కిందికి పోతోందమ్మా."

ప్రతి స్లైడు అడుగునా మునిసిపాలిటీ ముద్ర ఉన్న పట్టీ ఉండాలి. దాన్ని కదపకూడదని మా ఆఫీసు ఉత్తర్వు.

"కొండ కొనే కదా. ఆల్తో లిపిచి పేరు నివేదికలో ఎలాగూ ఉంది," అన్నాను.

అతను పటాన్ని పెద్దది చేశాడు.

కౌన్సిల్లో పదో నిమిషానికి చేతులన్నీ లేచాయి. రెండేళ్ల కాగితానికి కానిది ఎనిమిది బొమ్మలకి అయింది. ఆ సాయంత్రం గేటు దగ్గర దొన్యా యూఫ్రోనియా లింబెర్ట్‌ని ఆపి, "మా కొండకీ నీళ్లట కదా ఇంజనీరూ! ఇంద, నీ కోసమని పొద్దుటి నుంచీ దాచాను," అని రెండు పస్తేల్‌లు చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి తిన్నాడు.

మా కౌన్సిల్లో తీర్మానం రాసే గుమాస్తా తెర మీద చూసిందే రాసుకుంటాడు, నివేదిక తెరవడు. ఆ సంగతి లింబెర్ట్‌కీ నాకూ ముందే తెలుసు. వారానికి తీర్మానం చేతికొచ్చింది. పన్నెండు పేటలకి పదకొండు పేర్లే ఉన్నాయి, ఆల్తో లిపిచి లేదు.

నార్దీ గారు తలుపు వేసి మాట్లాడారు. "ఇప్పుడు దీన్ని కదిపితే పదకొండు పేటల పనీ ఏడాది వెనక్కి పోతుంది. వాళ్లని రెండో విడతలో చూద్దాం. నువ్వు నోరెత్తకు, లింబెర్ట్."

మూడు వారాలు అతను నోరెత్తలేదు. ఆపి తాగడం మానేశాడు, వెనక గేటు నుంచి వెళ్లొచ్చేవాడు. నేను ముందు గేటు నుంచే వెళ్లేదాన్ని.

ఇంతలో ఆల్తో లిపిచి వాళ్లు దొన్యా యూఫ్రోనియాని పెద్దరికం నుంచి దింపుతున్నారని తెలిసింది. రోజూ ఆ ఆఫీసు గేటు దగ్గరే కూర్చుంటావు, మన పేరు ఒక్కటి చెప్పలేకపోయావా, ఎవరికి అమ్ముడుపోయావు అని అడిగారట.

"ఆదివారం వాళ్ల మీటింగు. నేను వెళ్తున్నాను," అన్నాడు లింబెర్ట్. నేనూ వెంట వెళ్లాను.

ఇళ్ల ముందు నీళ్ల పీపాలు వరసగా ఉన్నాయి. లారీ ఆ వారం రాలేదు. ఫుట్‌బాల్ మైదానంలో జనం కూర్చున్నారు. దొన్యా యూఫ్రోనియా ఒక్కతే పక్కగా, మడత కుర్చీలో ఉంది. లింబెర్ట్ లాప్‌టాప్ తెరిచాడు. ఎండకి ఏమీ కనిపించలేదు. ఒకావిడ వీపున కట్టుకున్న చారల గుడ్డ విప్పి దాని మీద పట్టింది. ఆ నీడలోకి నలుగురు నలుగురుగా వంగి చూశారు.

"కౌన్సిల్‌కి చూపించింది ఇదే," అన్నాడు.

"మరి మేమెక్కడ?"

ముద్ర మీద వేలు పెట్టి, ఆ పట్టీని పక్కకి లాగాడు. దాని కింద నీలం చుక్కలున్నాయి.

"అదిగో, మా ఇల్లు!" అన్నాడొకడు. పక్కవాళ్లు తోసుకొచ్చి తమవి వెతుక్కున్నారు.

"దొన్యా యూఫ్రోనియా తప్పేం లేదు," అన్నాడు లింబెర్ట్. "పటం పెద్దది చేసింది నేను. పక్కన తెల్లగా ఉంటే బాగుండదని చేశాను."

"అంటే అందం కోసమా?"

"అవును. అందం కోసమే."

"మా గొంతు తడవకపోయినా నీ బొమ్మ బాగుండాలన్నమాట!" అంది గుడ్డ పట్టుకున్నావిడ. ఒకళ్లిద్దరు నవ్వారు. లింబెర్ట్ తల దించుకున్నాడు. నావైపు చూస్తాడని భయపడ్డాను. చూడలేదు. మైదానం అంచున నిలబడి, నేనూ మాట్లాడలేదు.

దొన్యా యూఫ్రోనియా లేచి వచ్చింది. "ఆ ముద్ర మళ్లీ దాని చోట పెట్టు. వెనక ఉన్నవాళ్లు ఇంకా చూడలేదు. కౌన్సిల్ వాళ్లకి ఎలా కనపడ్డామో అలాగే చూడనీ ముందు."

ప్రతి గుంపుకీ అతను ముద్రని పెట్టాడు, తీశాడు. దాదాపు గంట పట్టింది. చివరికి ఆవిడని దింపలేదు. రెండో విడత కోసం అర్జీ రాసి, అక్కడికక్కడే సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. అది ఇప్పుడు కౌన్సిల్లో ఉంది.

నార్దీ గారు లింబెర్ట్‌ని స్లైడ్ల పని నుంచి తప్పించారు. ఆ పని నాకొచ్చింది. మొదటి రోజే పట్టీ చిన్నది చేయమని కాగితం పెట్టాను, జవాబు రాలేదు.

లింబెర్ట్ మళ్లీ ముందు గేటు నుంచే వస్తున్నాడు. దొన్యా యూఫ్రోనియా అతన్ని ఇంజనీరూ అనడం మానేసింది. "ఎన్ని?" అని అడుగుతుంది, అంతే. అతను అంకె చెప్పి, కాగితంలో చుట్టినవి తీసుకుని వెళ్లిపోతాడు.

నన్ను మాత్రం, "రా అమ్మాయీ," అని పిలిచి, మూకుట్లోంచి అప్పుడే తీసిన పస్తేల్ ఏరి చేతిలో పెడుతుంది. ఈ పొద్దున కూడా పెట్టింది. తిన్నాను.