వంటావార్పులో ఐర్లాండు పెద్దకూర

ఈ రోజు తెలంగాణ కోసం బంద్. హఫీజ్‌పేటలో మా ఇంటి ముందు రోడ్డు మీద వంటావార్పు జరిగింది. ఇంట్లో నేను అందరి కోసం ఐర్లాండు పెద్దకూర, అదే గొడ్డుమాంసం, వండాను. అక్కడ నర్సుగా చేసి వచ్చిన మా అమ్మాయి నేర్పిన వంట. నల్ల బీరు పోసి మూడు గంటలు సన్నసెగ మీద ఉడికించాలి.

గుంటూరు నుంచి వచ్చిన మా వియ్యంకుడు కిటికీలోంచి రోడ్డు చూసి, "పనీపాటా లేనోళ్లండీ బావగారూ! రోడ్డు మీద తింటే రాష్ట్రం వచ్చేస్తుందా?" అని నవ్వాడు. కింద పొయ్యి ఊదుతున్నది నా కొడుకు.

నేను గిన్నె దించి, కిందికి మోసుకెళ్లి కొడుకు పక్కన పెట్టాను. ఇంటివాళ్లంతా వచ్చి కూర్చున్నారు.

"మా సంగతేంటండీ?" అని ఆయన బాల్కనీలోంచి అరిచాడు.

"గిన్నె పైకి రాదు బావా. ఆకలైతే మీరే దిగుండ్రి," అన్నాను.

అరగంట తర్వాత దిగివచ్చి, జెండాల కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదట పెట్టింది ఊడ్చేసి మళ్లీ పళ్లెం చాపాడు. అప్పుడే అందరూ "జై తెలంగాణ" అన్నారు. నేను గరిటె ఎత్తకుండా ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆయన "జై" వరకే అన్నాడు. నేనూ సగం గరిటే పోశాను.

పాపం అంటోంది మా ఆవిడ. మీరైతే ఎంత వడ్డించేవారు?