మా బాబాయి త్రీడీ గైడు

మా బాబాయికి కోడంటే భయం. అది రెక్క విదిలిస్తే చాలు, గుమ్మం దాటి అవతలికి పోతాడు. అయినా కోళ్ళ పెంపకం మీద పుస్తకం రాశాడు. ఇంట్లో ఫ్యూజు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఇంటి వైరింగు మీద ఆయన రాసిన గైడు మాత్రం ముద్రణ మీద ముద్రణ పడుతోంది. ఇవి కాక ఖాతాల లెక్కలు, రసాయనశాస్త్రం, ఫ్రిజ్ మరమ్మతు, సభల్లో మాట్లాడే కళ కూడా ఉన్నాయి. అందరూ ఆయన్ని గైడు మాస్టారంటారు. ఏ బళ్ళోనైనా ఒక్కరోజు పాఠం చెప్పిన మనిషి కాదు.

ఆ పుస్తకాలన్నీ కంపోజ్ చేసింది నేనే. సొంత బాబాయి కదా అని చదువైపోగానే వెళ్ళి ఆయన గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇంకా అక్కడే ఉన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని ఇంటిల్లిపాదీ అంటారు. ఆ గదిలో ఇన్నాళ్ళు కూర్చుంటే మూగవాళ్ళకైనా నోటి దురుసు వస్తుంది.

గది ప్రెస్సు మీద ఉంటుంది. కింద మెషిన్ తిరిగితే పైన నేల అదురుతుంది, టీ గ్లాసు తనంతట తనే బల్ల అంచుకి జరుగుతుంది. సిరా వాసన, రోలర్లు తుడిచిన కిరోసిన్ వాసన జుట్టుకి పట్టి ఇంటిదాకా వస్తాయి. ఆ వాసనతో నాకు పేచీ లేదు. నాకు వెగటు పుట్టించేది బాబాయి పని తీరు. పబ్లిషరు ఫలానా విషయం మీద గైడు కావాలనగానే రెండు లావుపాటి పుస్తకాలు తెస్తాడు. వేలు నాలిక మీద తడుపుకుంటూ పేజీలు తిప్పుతాడు. ఆ పుస్తకాలు నా బల్ల మీదికొచ్చేసరికి మూలలన్నీ ఉబ్బి, జిడ్డోడుతూ ఉంటాయి. ఎర్ర పెన్సిలుతో ‘ఇక్కణ్ణించి’, ‘ఇక్కడిదాకా’ అని గీతలు. ఒక్కదాంట్లోంచే దించితే ఆ రాసినవాడు పోల్చుకుంటాడని భయం. అందుకని సగం దీంట్లోంచి, సగం దాంట్లోంచి. మధ్యలో ‘కావున’, ‘మరియు’ మాత్రం బాబాయి సొంతం.

త్రీడీ గ్రాఫిక్స్ గైడు కూడా అలాగే పుట్టింది. తెర మీద బొమ్మకి పొడవు, వెడల్పుతోపాటు లోతు తెప్పించే విద్య అది. ఆ ప్రోగ్రాము ఎలా ఉంటుందో బాబాయి కంటితో చూసిన పాపాన పోలేదు. కంప్యూటర్లో ఆయనకి తెలిసింది నా పక్కన నిలబడి ‘అక్షరం పెద్దది చెయ్యి’ అనడమే. అయినా వెనక అట్ట మీద ‘అనుభవజ్ఞుడైన రచయిత’ అని ఉంటుంది. ఆ మాటా నేనే కొట్టాను, ఛీ అనుకుంటూ.

ఆయన కూతురికి, అంటే మా చెల్లికి, చిన్నప్పటినుంచి బొమ్మల పిచ్చి. డిగ్రీ అవగానే యానిమేషన్ కంపెనీలో శిక్షణకి తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టింది. అయితే ముందు ఒక పరీక్ష ఉంది. అభ్యర్థి ప్రోగ్రాము తనే రాసి, తెర మీద చిన్న ఇల్లు కట్టి, అది గిరగిరా తిరిగేలా చెయ్యాలి. ఇల్లు నిలబడితే ఉద్యోగం, లేకపోతే లేదు. నేర్చుకోవడానికి ఒక పుస్తకం ఎంచుకోవాలని నన్ను వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళింది.

ఆ షాపు మరీ అన్యాయం. అమ్మే పుస్తకం కంప్యూటరుదో, మెట్రిక్యులేషనుదో తెలియని కుర్ర సేల్స్‌మన్ లావు చూసి మంచిదంటున్నాడు. మొదట ఇచ్చింది దిండులా ఉంది. తెరిస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా మాత్రికలు, గ్రీకు అక్షరాలు. ఒక్క బొమ్మ లేదు. బొమ్మలు గీయడం నేర్పే పుస్తకంలో బొమ్మ లేకపోవడం ఏమిటో ఆ రాసిన మహానుభావుడికే తెలియాలి. రెండోది నున్నని కాగితం, నిగనిగలాడే రంగులు. లోపల ‘ఈ బటన్ నొక్కండి, ఆ బటన్ నొక్కండి’ తప్ప ముక్క లేదు. ఆ బటన్లున్న సాఫ్ట్‌వేర్ మారిపోయి ఎన్నాళ్ళయిందో. మూడోదాంట్లో రచయిత తన గురువులకీ, అత్తమామలకీ కృతజ్ఞతలు చెప్పుకోవడం అయ్యేసరికి నాకు ఓపిక అయిపోయింది. వాటి పక్కనే, అద్దాల అరలో, బాబాయి గైడు.

పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. మా చెల్లికి మాత్రం పెరటిచెట్టే సంజీవని. ఆ గైడుని ఆప్యాయంగా నిమిరి, ఇంట్లో ఊరికే ఉండగా ఇంకోటి కొనడం దేనికంది. అది వట్టి అతుకుల బొంత, దాని జోలికి పోకు అన్నాను. నవ్వేసింది. నీకు ఏ పుస్తకం నచ్చింది గనకక్కా, అంది. ఆ మాట నిజమే. వంటల పుస్తకం మొదలు పంచాయితీ తీర్మానం దాకా దేన్నీ నేను ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు. రోజూ తిట్టే నోటికి అవసరమైన రోజున విలువ ఉండదు.

బాబాయి ఆ సంగతి విని పొంగిపోయాడు. పైకి మాత్రం, ‘ఇంకోటేదైనా పక్కన పెట్టుకోమ్మా, సంప్రదించడానికి’ అన్నాడు. ఎందుకైనా మంచిదని అన్న మాటే అది. చెల్లి వినలేదు. ఆయనా రెండోసారి చెప్పలేదు.

చెల్లి ఆ గైడుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. సగందాకా బండి బాగానే నడిచింది. చుక్కలు పెట్టింది, గీతలు కలిపింది, గోడలు లేపింది. సగం దాటాక ఇల్లు తిరగబడింది. ఎదురుగోడ మాయం. దాని స్థానంలో వెనకగోడ లోపలివైపు కనిపిస్తుంది. కుడికి తిప్పితే ఎడమకి తిరుగుతుంది. ఒక్కోసారి తెరంతా నల్లగా ఉండి ఇల్లే ఉండదు. మళ్ళీ మొదటినుంచి రాసింది. మళ్ళీ అదే. ప్రతి కామా గైడులో ఉన్నట్టే ఉంది. ఇక తప్పంతా తన బుర్రదే అనుకుంది.

నేను వెళ్ళేసరికి ముందుగదిలో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ నలిపి పడేసిన కాగితాలు. పిన్ని వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. బాబాయి కూతురి పక్కనే కుర్చీలో ఉన్నాడు.

“నాకు బుర్ర లేదు నాన్నా. పుస్తకంలో ఇంత విడమరిచి చెప్పినా నాకు ఎక్కట్లేదు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను” అంది.

బాబాయి దాని తల నిమిరి, సాధన చేస్తే అన్నీ వస్తాయమ్మా అన్నాడు.

నా ఒళ్ళు మండింది. ఆడలేనివాళ్ళు మద్దెల ఓడంటారు. ఇక్కడ మద్దెల పగిలి ఉంటే, ఈ పిల్ల తనకి ఆడటం రాదని ఏడుస్తోంది. కానీ పగులు ఎక్కడుందో చూపించడానికి నాకు ఆ విద్య రాదు. ప్రశ్నపత్రాలు అచ్చు వేయించుకోవడానికి మా ప్రెస్సుకి ఒక లెక్చరర్ వస్తూంటాడు. కాలేజీలో గ్రాఫిక్స్ చెబుతాడు. గైడు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. నాలుగు పేజీలు తిప్పి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి చూశాడు. తర్వాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ మూడు దిక్కులకి చాచి చూపించాడు. ఒకటి పొడవు, ఒకటి ఎత్తు, ఒకటి లోతు. కుడిచేత్తో లెక్కవేస్తే లోతు మనవైపు వస్తుంది. ఎడమచేత్తో వేస్తే మననుంచి అవతలికి పోతుంది. ఏ చెయ్యీ తప్పు కాదు, మొదలుపెట్టిన చేత్తోనే ముగించాలి, అంతే. ఈ గైడులో సగందాకా కుడిచెయ్యి, అక్కణ్ణించి ఎడమచెయ్యి. దీన్ని నమ్మి ఎవరు కట్టినా ఆ ఇల్లు నిలబడదు, అన్నాడు.

రెండు ఉబ్బిన పుస్తకాలు, ఎర్ర పెన్సిలు నా కళ్ళ ముందు కదిలాయి. ఒకడు కుడిచేత్తో రాశాడు, ఇంకొకడు ఎడమచేత్తో రాశాడు. మా బాబాయి రెంటినీ తెచ్చి ‘కావున’ పెట్టి కుట్టేశాడు.

ఆ రోజే బాబాయి మొహం మీద చెప్పాను. మూడు వేళ్ళూ చాచి చూపించి మరీ చెప్పాను. తప్పు నీ బుర్రది కాదమ్మా, నా పుస్తకానిది అని ఒక్క మాట దానికి చెప్పమన్నాను. బాబాయి కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. నువ్వు చెప్పకే, నేనే మెల్లగా చెబుతాను, నా నోటితో వింటే దానికి బావుంటుంది అన్నాడు. సరే, తండ్రి కదా అనుకున్నాను. రోజులు గడిచాయి. ఆయన మెల్లగా చెప్పడం ఎంత మెల్లగా అంటే, ఆ నోరు తెరుచుకోనే లేదు. చెల్లి అద్దంలో చూసుకుంటూ తనని తానే మొద్దు అనుకోవడం మొదలుపెట్టింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు బాబాయి పేపరు చదువుకుంటున్నాడు.

ఇక నేను ఆగలేదు. మళ్ళీ లెక్చరర్ దగ్గరికి పోయి, మంచి పుస్తకం ఎలా పోల్చుకోవాలని అడిగాను. లావూ రంగులూ చూడకు, ఏ చెయ్యో మొదట్లోనే చెప్పాడా లేదా చూడు, తప్పు చేస్తే తెరమీద ఏం కనిపిస్తుందో చెప్పాడా లేదా చూడు, అన్నాడు. షాపులో అరలన్నీ కిందామీదా వేస్తే అడుగున ఒకటి దొరికింది. బురదరంగు అట్ట, పలచటి కాగితం. మొదటి పాఠంలోనే చెయ్యి బొమ్మ వేసి, ఈ పుస్తకమంతా కుడిచెయ్యే, వేరే పుస్తకంతో కలుపుకునేముందు అది ఏ చెయ్యో చూసుకోండి అని రాసి ఉంది. వెనక ఒక పాఠమంతా తప్పులే. ‘ఎదురుగోడ కనిపించడం లేదా?’ అని అడిగి, ఎందుకో చెప్పింది. నా జన్మలో ఒక పుస్తకాన్ని తిట్టకుండా బయటికి తెచ్చింది అదొక్కసారే.

ఏమీ చెప్పకుండా చెల్లి చేతిలో పెట్టి, ఊరికే దీన్ని కూడా చూడు అన్నాను. మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. ఇల్లు నిలబడింది. తలుపు ముందే ఉంది. తిప్పిన వైపే తిరుగుతోంది. వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకుందట, ఎక్కడ చెయ్యి మారిందో తనే కనిపెట్టింది. నాన్నకి తెలియదు పాపం, చెప్పకక్కా అంది. నేను నోరు తెరవబోయి ఊరుకున్నాను. తండ్రి మీద దానికున్న ప్రేమని పొద్దున్నే పగలగొట్టడానికి మనసొప్పలేదు.

చెల్లి పరీక్ష నెగ్గింది. ఆ ఆదివారం అందరం వాళ్ళింట్లో భోజనాలకి కూర్చున్నాం. భోజనానికొచ్చిన పక్కింటివాళ్ళు, ఏ పుస్తకం చదివావమ్మా అని అడిగారు. చెల్లి తండ్రివైపు చూసి, “మా నాన్న రాసిందే” అంది. అమ్మయ్య అన్నట్టు పిన్ని నవ్వింది. నేను కంచంలోంచి తలెత్తి బాబాయిని చూశాను. అది అబద్ధమని ఆ గదిలో తెలిసినవాళ్ళం ముగ్గురం. అందులో ఒకడు మీసం దువ్వుకున్నాడు.

అంతటితో పోయినా ఊరుకునేదాన్ని. గైడు రెండో ముద్రణకి వచ్చింది. లోపల ఒక్క అక్షరం మార్చలేదు, సగం కుడి, సగం ఎడమ అలాగే ఉన్నాయి. వెనక అట్టకి మాత్రం బాబాయి కొత్త వాక్యం రాసిచ్చాడు. ఈ పుస్తకం చదివి రచయిత కుమార్తె స్వయంగా ఉద్యోగం సాధించింది, అని.  నేను కొట్టనన్నాను. ఎవరి పిల్లలో దీన్ని కొనుక్కుని తలలు బాదుకుంటారు, నీకు సిగ్గుగా లేదా బాబాయ్ అన్నాను. కన్నబిడ్డ నోటితో అన్న మాటే కదా, నేను కల్పించానా అన్నాడు. నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక్క వేలితో తనే కొట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే చెల్లి కంపెనీ నుంచి వస్తూ పైకి వచ్చింది. తెర మీద ఆ వాక్యం చూసింది. కోప్పడలేదు. తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా చెప్పింది.

“అది తీసెయ్ నాన్నా. నేను నేర్చుకుంది అక్క తెచ్చిన పుస్తకంతో. నీ గైడులో సగం నుంచి చెయ్యి మారిపోయింది. నీకు తెలియక జరిగిందని, వింటే నొచ్చుకుంటావని ఆ రోజు అలా అన్నాను.”

అప్పుడు బాబాయి తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. అది దయతలిచి తలుపు తెరిచిపెట్టింది, నడిచి బయటికి రావడమే తరువాయి. కానీ తెలియదు అన్న మాట ఆ నోట పుట్టాక రాలేదు. ఏ విషయం అడిగినా తెలుసనే మనిషి, కూతురి ముందు తెలియనివాడు కావడం ఆయనకి చేతకాలేదు.

“తెలియకేమమ్మా. చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు. మీ అక్క అప్పుడే చెప్పింది.”

చెల్లి నావైపు తిరిగి, ఎప్పుడు చెప్పావని అడిగింది. నువ్వు కాగితాలు నలిపి పడేసిన రోజుల్లోనే అన్నాను. అది లేచి నిలబడింది. మొహంలో రక్తం లేదు.

“నాకు బుర్ర లేదని నేను ఏడుస్తుంటే, నీకు తెలుసు. తెలిసే నా పక్కన కూర్చుని సాధన చెయ్యమన్నావు.”

  అది బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. బాబాయి పిలుస్తాడేమోనని చూశాను. పిలవలేదు. తెర వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, అబద్ధమెందుకు. తర్వాత గొంతు సవరించుకుని నన్నడిగాడు.

“ఆ వాక్యం తీసేస్తే అక్కడ ఖాళీ వస్తుంది కదే. ఏం పెడదామంటావ్?”

నేను చెప్పులు వేసుకుని చెల్లి వెనకాలే మెట్లు దిగాను.