అమ్మ మాట, నా నోరు

అమ్మకు పుట్టుకతోనే వినపడదు. నాన్నకు చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. నాకేమో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అందుకే ఆరేళ్ల వయసు నుంచి మా ఇంటికి నోరు నేనే. మాది అమీర్‌పేట. కంప్యూటర్ భాషలు ఎన్ని కావాలంటే అన్ని నేర్పే ఆ సందుల్లో, మా చేతుల భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు.

ఆ నోటితో నేను బోలెడన్ని అబద్ధాలు ఆడాను. అమ్మ బ్లౌజులు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినావిడ "గీ మూగదానికి ఏం సమజైతది" అంటే, "నీ కుట్టు బాగుందట" అని అమ్మకు చేతులతో చెప్పేదాన్ని. రేషన్ షాపులో, బ్యాంకులో, అంతటా అంతే. అమ్మ నవ్వి తలూపేది. నా అంత తెలివైంది లేదనుకునేదాన్ని.

పెద్దయ్యాక మేనమామ కొడుకునే చేసుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో మా ఇద్దరి రక్తమూ పరీక్షించి, డాక్టర్ మాట్లాడాలని పిలిపించాడు. బావకు సెలవు దొరకలేదు, అమ్మ వెంట వచ్చింది. డాక్టర్ ఒక కాగితం మీద మా వంశమంతా గీశాడు. మగవాళ్లకు గళ్లు, ఆడవాళ్లకు సున్నాలు. అమ్మ సున్నాను నల్లగా నింపాడు. నాకూ బావకూ మధ్య రెండు గీతలు కొట్టాడు, మేనరికానికి అది గుర్తట.

"మీ అమ్మగారి చెవుడు మీ ఇద్దరి రక్తంలోనూ దాగుంది. బిడ్డకు కూడా చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కడుపులో నీరు తీసి చూస్తే ముందే తెలుస్తుంది. తెలిస్తే మీరో నిర్ణయం తీసుకోవచ్చు. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలను కనాల్సిన అవసరం లేదు."

ఇలాంటి పిల్లలట. ఆయన చెడ్డవాడేం కాదు, మెల్లగానే చెప్పాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆయన తల వెనుక గోడకు బోర్డు ఉంది. కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పరు, అడగడం నేరం అని.

"సార్, ఆడపిల్లనా అని అడిగితే జైలు. చెవిటిపిల్లనా అని అడిగితే మీరే దగ్గరుండి చూపిస్తరా?"

"అది వేరు, ఇది వేరమ్మా. ఇది లోపం."

"మా అమ్మ మీ ముందటనే కూసున్నది. జర ఆమెను చూసి చెప్పుండ్రి."

ఆయన కాగితం వైపే చూశాడు.

ఏమంటున్నాడని అమ్మ నా మోచెయ్యి తట్టింది. ఆ రోజు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. 'ఇలాంటి పిల్లలు' అన్నది కూడా వదలకుండా అంతా చెప్పాను. అమ్మ ఆయన్ను కడిగేస్తుందనుకున్నాను. కానీ అమ్మ చేతులు నిదానంగా కదిలాయి.

"చేయించు. చెవిటిదైతే తీసేయించు. నా బతుకు దానికొద్దు."

"నీ బతుక్కేమైంది?" అన్నాను, నేనూ చేతులతోనే.

"నన్నేమంటరో నాకు తెల్వదనుకున్నవా? నువ్వు మార్చి చెప్పినవ్. వాళ్ల మొఖాలు నాకు కనబడయా?"

అమ్మగారు ఏమంటున్నారని డాక్టర్ అడిగాడు. "పరీక్ష వద్దంటున్నది" అనేశాను. ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

బస్టాపు దగ్గర అమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. డాక్టర్ ఏమీ రాయకుండానే పెన్ను మూయడం చూసి, తన మాట నేను చెప్పలేదని పసిగట్టిందట.

"ఇన్నేండ్లు వాళ్ల మాటలు మార్చినవ్, నా మంచికే అని ఊకున్న. ఇయ్యాల నా మాట మార్చినవ్. గా డాక్టర్ నన్ను చూడలే. నువ్వు సుత చూడలే."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆయన అమ్మను నల్ల సున్నాగా గీస్తే, నేను ఆ సున్నాను కూడా తుడిపేశాను. సిగ్గేసింది. అమ్మ చెయ్యి పట్టుకుని మళ్లీ ఆస్పత్రిలోకి నడిచాను.

"సార్, అబద్ధం చెప్పిన. మా అమ్మ పరీక్ష చేయించమంటున్నది. చెవిటిదైతే వద్దంటున్నది. లోకం తనను చూసే చూపు దానికొద్దంటున్నది. నేనైతే చేయించుకోను. కడుపు నాది, ఎవరు చెప్పినా చేయించుకోను. రెండూ రాయుండ్రి."

"మీ మాట రాస్తే చాలమ్మా."

"రెండూ రాసేదాకా గీడనే కూసుంట."

రాశాడు. ఆ రాసింది అమ్మకు ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను. అమ్మ తలూపింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పాప పుట్టింది. వినపడదు. తప్పు చేశానని నేను అనుకోవడం లేదు, అమ్మ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. తిట్టాలంటే అమ్మకు రెండు చేతులూ కావాలి కాబట్టి, ఒళ్లో పాపను నాకిచ్చి మరీ తిడుతుంది. చివర్లో పిడికిలితో తన నుదురు కొట్టుకుంటుంది. మా భాషలో దానికి 'మొండిదానా' అని అర్థం. పాప కళ్లార్పకుండా ఆ చేతులనే చూస్తూ ఉంటుంది.

మొన్న తల తిప్పేసుకుంటున్నా అన్నం కుక్కుతుంటే, పాప నా వంక కోపంగా చూసి, చిన్న పిడికిలితో తన నుదురు కొట్టుకుంది. అది దాని మొదటి మాట. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ముందు నవ్వింది అమ్మే.