గుండు కింద కూర్చున్న మనిషి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, అప్పుడు టైమెంత, వెలుతురు ఎటునుంచి వస్తోంది అని అడిగేవాణ్ణి. సగం కథలు అక్కడే ఆగిపోయేవి. నాకు జరిగిన ఈ విషయాన్ని ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచుకోవడానికి కారణం కూడా అదే. ఆ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబులున్నాయి. పొద్దున ఎనిమిది గంటలు. వెలుతురు తూర్పు నుంచి.

మాది హిందూపురం. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. చదువుకునే రోజుల్లో ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు నాకు నూనె రంగులతో బొమ్మలు వేయడం నేర్పించారు. నేనేమీ గొప్ప చిత్రకారుణ్ణి కాను. ఊహించి వేయడం నాకు చేతకాదు. కంటికి కనిపించింది వెయ్యి, నీకు తెలిసింది వెయ్యొద్దు అని ఆయన చెప్పిన మాటే నాకొచ్చిన విద్యంతా. కొండ నీలంగా కనిపిస్తే నీలమే వేశాను, మబ్బు ఆకుపచ్చగా కనిపిస్తే ఆకుపచ్చే వేశాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో పెనుకొండలో పనిచేస్తున్నప్పుడు, ఒకే చోటును నాలుగు కాలాల్లో నాలుగు బొమ్మలు వేయాలని బుద్ధి పుట్టింది. ఆదివారాలు పొద్దున్నే సైకిలెక్కి చెన్నేకొత్తపల్లి వైపు నాలుగు మైళ్ళు పోయేవాణ్ణి. రోడ్డు దిగి కొంచెం నడిస్తే ఒక వేరుశనగ చేను, చేను వెనక చిన్న గుట్ట, గుట్ట నడుమన ఇల్లంత గుండు, ఒంటి బండరాయి. గుండు కింద మంచమంత చదునైన చాపరాయి. చూడ్డానికి పెద్ద విశేషం కాదు గానీ, పొద్దుటి ఎండలో ఆ గుండు రంగు గంటకొకలా మారేది.

మొదటి బొమ్మ చైత్రంలో వేశాను. తొమ్మిది దాటితే ఎర్రనేల తెల్లబడి కళ్ళు పొడిచేది. గాలికి లేచిన దుమ్ము తడి రంగులో అతుక్కుపోయింది. ఇప్పటికీ ఆ బొమ్మ మీద చేత్తో రాస్తే గరుకు తగులుతుంది. అందులో మనిషి లేడు.

రెండోది శ్రావణంలో. ఆ కాలపు గాలి మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బొమ్మ స్టాండుకు తాడుతో రాయి కట్టి వేలాడదీస్తే గానీ నిలబడేది కాదు. ఆ రోజు చాపరాయి మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తెల్ల తలగుడ్డ, దాని కొస ఎదమీదికి వేలాడుతోంది. కుడికాలు ముందుకు చాచాడు. పక్కన ఎర్రగా ఏదో ఉంది, దాని మీద చెయ్యి వేసుకున్నాడు. గొర్రెలు కాసేవాడు కాబోలు అనుకున్నాను. మనిషి కదలకుండా కూర్చుంటే బొమ్మ వేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఏడెనిమిది కుంచె దెబ్బల్లో అతన్ని దించేశాను. మొహం అంత దూరానికి తెలియలేదు.

ఇంటికొచ్చి గోడకు ఆనించి చూస్తే తప్పు కనిపించింది. నేను ఉత్తరం వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. సూర్యుడు నా కుడిచేతి వైపు. గుండు నీడ, చెట్ల నీడ, అన్నీ ఎడమకు పడ్డాయి. ఆ మనిషి నీడ ఒక్కటే కుడికి పడింది. తొందరలో తప్పు వేశానని నన్ను నేనే తిట్టుకున్నాను. మరుసటి వారం దిద్దుకుందామని పోతే అతను అదే రాయి మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఈసారి నీడనే చూశాను. కుడికే పడుతోంది. కాసేపు కళ్ళు మూసుకుని తెరిచి మళ్ళీ చూశాను. మార్పు లేదు. బొమ్మ వెనక పెన్సిలుతో ‘మనిషి నీడ కుడివైపు’ అని రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. కనిపించింది వెయ్యమన్నారు కాబట్టి దిద్దలేదు.

కార్తీకంలో మూడో బొమ్మకు పోయినప్పుడు చేలో ఆడవాళ్ళు వేరుశనగ పీకుతున్నారు. అతను ఉన్నాడు, మళ్ళీ వేశాను. నా దగ్గరగా కాయ తెంపుతున్న ముసలామెను పిలిచి, ఆ గుండు కింద కూర్చున్నాయన ఎవరని అడిగాను.

“యాడ?” అంది నడుం ఎత్తి.

“అదిగో, చాపరాయి మీద. తెల్ల తలగుడ్డ.”

ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఆడ ఎవురుండారు సామీ? ఉత్త రాయి ఉండాది. ఎండలో కూర్చుంటే అట్లే కనపడతాది. తలకు గుడ్డ కట్టుకో” అంది.

ముసలి కళ్ళు కదా అని సరిపెట్టుకున్నాను. మిగతావాళ్ళను అడగలేదు. ఎందుకు అడగలేదో అప్పుడు ఆలోచించలేదు.

పుష్యమాసంలో నాలుగోది. మంచు విడిచీ విడవక ముందే అతను కనిపించాడు. ఆ రోజు అతన్ని వేయడం అవగానే కుంచె పక్కనబెట్టి గుట్ట వైపు నడిచాను. మధ్యలో కంపచెట్లు అడ్డం వచ్చి ఒక నిమిషం రాయి కనిపించలేదు. పైకెక్కి చూస్తే ఎవరూ లేరు. దిగిపోయాడేమో అనుకోవచ్చు. కానీ చాపరాయి నిండా మంచు బిందువులు పరుచుకుని ఉన్నాయి. ఎవరో కూర్చుని లేచిన జాడ ఒక్కటి కూడా లేదు. వేలితో ఒక గీత గీశాను. గీత తెలిసింది. నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది. తెగని లెక్క ఎదురైనప్పుడు కలిగే చిరాకు.

తరువాతి ఏడు నన్ను ధర్మవరానికి బదిలీ చేశారు. లింగమ్మ అనే నేతగత్తె ఇంట్లో ముందు భాగం అద్దెకు దొరికింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. వెనక గదిలో గుంటమగ్గం మీద ఆమె, కొడుకు రంగప్ప నేసేవాళ్ళు. సొంత మగ్గమే అయినా మంచి పని ఎవరూ ఇచ్చేవారు కాదు. కారణం వీధిలో అందరికీ తెలుసు. ఆరేళ్ళ కిందట ఆమె భర్త ఓబులయ్య, పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే సావుకారు అప్పజెప్పిన నాలుగు జరీ చీరలు మూటగట్టుకుని హిందూపురంలో ఒక అంగడికి చేర్చడానికి రైలెక్కి పోయాడు. అంగడికి చేరలేదు, ఇంటికీ రాలేదు. చీరలమ్ముకుని బెంగళూరులో ఎవతెతోనో కాపురం పెట్టాడని సావుకారు అన్నాడు. ఊరు ఆ మాటే నమ్మింది. లింగమ్మ మాత్రం దాని గురించి ఒక్క మాటా మాట్లాడేది కాదు.

నేను వచ్చిన కొన్నాళ్ళకు, నూనె వాసన ఇల్లంతా కొడుతోంది, బొమ్మలు ఎండలో పెట్టుకోండి అని చెప్పడానికి ఆమె నా గదిలోకి వచ్చింది. నాలుగు బొమ్మలూ గోడకు వరుసగా ఆనించి ఉన్నాయి. ఆమె వాటిని వరుసగా చూస్తూ వచ్చింది. శ్రావణపు బొమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

“అయివారూ, ఈయప్పను యాడ చూసినారు?”

చెప్పాను. దూరం నుంచి చూశానని, మొహం తెలియదని కూడా చెప్పాను.

“మొగం యాల? తలగుడ్డ కొస అట్ల ముందరికి వదిలేది మా ఇంటాయనే. ఆ మూట చూడండి. ఎర్రగుడ్డలో నేనే కట్టిచ్చినా. కూర్చుంటే మూట మీద చెయ్యి తీయడు. అన్నం తినేటప్పుడు గూడా తీయడు.”

ఆమె ఏడవలేదు. కొడుకును పిలిచి చూపించింది. రంగప్ప చాలాసేపు చూసి, “అయితే బతికే ఉండాడు” అన్నాడు కోపంగా. “ఈడికి ఇరవై మైళ్ళ దూరంలో గుట్ట మీద కూర్చోని ఉండాడు. ఇంటికి మాత్రం రాడు.”

“ఆ గుట్ట అవతల ఊరు మీ అత్తది రా” అంది లింగమ్మ. “పెనుకొండలో దిగి అడ్డదారిన చెల్లెల్ని చూసేకి పోయినాడేమో.” ఆ చెల్లెల్ని అప్పట్లోనే అడిగారట, అన్న రాలేదని ఆమె చెప్పిందట. ఆ దారి మాత్రం ఎవరూ వెతకలేదు. పారిపోయిన మనిషి కోసం గుట్టలు ఎవరు వెతుకుతారు?

మంచు బిందువుల సంగతి, ముసలామె మాట వాళ్ళకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. లేని ఆశ పెట్టినా తప్పే, ఉన్న ఆశ తీసినా తప్పే. చివరికి, పోయి చూద్దాం రండి అని మాత్రం అన్నాను.

ముగ్గురం రైల్లో పెనుకొండకు పోయి, జట్కా మాట్లాడుకుని గుట్ట చేరేసరికి సాయంత్రం అయిదయింది. అక్కడికి నేను సాయంత్రం పూట పోవడం అదే మొదటిసారి. గుండు నీడ కుడివైపు, తూర్పుకు, పొడుగ్గా పడి ఉంది. నా బొమ్మల్లో ఆ మనిషి నీడ పడిన వైపే.

చాపరాయి మీద ఎవరూ లేరు. దాని వెనక, గుండుకూ రాతికీ మధ్య, పొద పెరిగి మూసుకుపోయిన సందు ఒకటి ఉంది. పుష్యంలో నేను అక్కడే నిలబడ్డాను, కానీ పొద పక్కకు నెట్టి చూడలేదు. రంగప్ప కొమ్మలు విరిచి లోపలికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

మరుసటి రోజు ఊరి మునసబు, పోలీసులు వచ్చి అన్నీ బయటికి తీయించారు. ఎముకలు. కుడికాలి ఎముక మోకాలి కింద రెండుగా విరిగి ఉంది. ఆ బండల మీద జారి పడి, లేవలేక ఎండకు ఆ సందులోకి జరిగి ఉంటాడని ఇన్స్పెక్టరు అన్నాడు. ఆ దారిన మనుషులు పోయేది వారానికి ఒకరో ఇద్దరో. మూటకు కట్టిన ఎర్రగుడ్డ పేలికలైంది. పట్టును చెదలు తినేశాయి. జరీని తినలేవు కదా. నల్లబడిన జరీ పోగులు నాలుగు ఉండలుగా, మడత పెట్టిన చోటనే ఉన్నాయి. ఒక మడత లోపల జానెడు అంచు చెడకుండా మిగిలింది. లింగమ్మ దాన్ని అరచేతిలో పరుచుకుని, “ఇది నేను నేసిందే” అంది. అప్పుడు ఏడ్చింది.

సావుకారు కబురందుకుని ధర్మవరం నుంచి వచ్చాడు. నాలుగు ఉండలూ చూశాడు. లింగమ్మకు ఎదురుగా వచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తరువాతి నెలలో రంగప్పకు మంచి పట్టు, జరీ ఆయనే ఇంటికి పంపాడు. పని తిరిగి మొదలైంది. వీధిలో వాళ్ళు ఓబులయ్య పేరు మామూలుగా ఎత్తడం మొదలుపెట్టారు. లింగమ్మకు కావలసింది అదేనేమో.

కర్మ అయిపోయాక ఒకరోజు ఆమె నా గదికి వచ్చింది. శ్రావణపు బొమ్మ ఆమెకు ఇచ్చేద్దామని నేను అనుకున్నాను. ఆమె వేరే మాట అడిగింది.

“అయివారూ, ఆయన్ను ఆడినుంచి తీసేయండి.”

నాకు అర్థం కాలేదు.

“ఆరేండ్లు ఎండలో కూర్చున్నాడు. ఇప్పుడు ఇంటికొచ్చినాడు కదా. ఇంకా ఆడ ఎందుకు కూర్చోబెట్టినారు? మూడిట్లోనూ తీసేయండి.”

మీరు నమ్మాలంటే నా దగ్గరున్న రుజువు ఆ మూడు బొమ్మలే. మనిషి, మూట, చాచిన కాలు, తప్పువైపు పడిన నీడ, అన్నీ వాటిలోనే ఉన్నాయి. అయినా కాదనలేకపోయాను. చిన్న కత్తితో రంగు గీకి, కింద కాన్వాసు గుడ్డ తేలేదాకా తుడిచి, మూడు చోట్లా రాతి రంగు నింపాను. ఆమె గడప మీద కూర్చుని పని అయ్యేదాకా చూసింది. చివరి కుంచె దెబ్బ తరువాత దగ్గరికి వచ్చి ఒక్కో రాయినీ చూసి, “ఇప్పుడు సరిపోయింది” అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

పోయి నాలుగేళ్ళు దాటిన మనిషిని మూడు కాలాల్లో, పొద్దుటి వెలుతురులో, నేను ఎలా చూశానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముసలామెకు కనిపించనిది నాకెందుకు కనిపించిందో కూడా తెలియదు. ఆ తరువాత రెండుసార్లు ఆ గుట్టకు పోయి కూర్చున్నాను. చాపరాయి మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు వేసుకుని వచ్చాను.