కొన తుంచిన బెండకాయలు

ఎనభైల చివర్లో, పెళ్లయిన కొత్తలో తెనాలిలో ఉండేవాళ్లం. మార్కెట్లో కొల్లూరు లంకల నుంచి వచ్చిన ఓ ముసలమ్మ దగ్గర, లేతవో కాదో చూద్దామని బెండకాయల కొనలు తుంచాను. అన్నీ టక్కున విరిగాయి. అయినా ధర తగ్గించలేదన్న ఉక్రోషంతో, "ఏంటివి, అన్నీ ముదుర్లే!" అని నలుగురూ వినేలా అనేసి కదిలాను.

తిరిగొస్తుంటే ఆవిడే పిలిచింది. గంపలో నేను తుంచినవే మిగిలాయి.

"కొనల్లేనివి ఎవరూ కొనట్లేదమ్మా. నువ్వన్నా వండుకో" అంటూ నా సంచిలో పోసింది. డబ్బులివ్వబోతే, "ముదురు కాయలకి డబ్బులు తీసుకోను తల్లీ" అంది.

మధ్యాహ్నం వేపుడు తింటూ మా అత్తగారు, "ఎంత లేతగా ఉన్నాయే అమ్మాయ్! ఎవరి దగ్గర కొన్నావు?" అన్నారు.

అవి నేను కొన్నవి కావు. ఇప్పటికీ బెండకాయ తుంచబోతే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది.